రూట్ ఉన్నా మాట వినని ఫోను

చిక్కడపల్లిలో మా అమ్మ ఉండే ఫ్లాటులో, రౌటర్ పక్కన గోడకు ఆనించి, నేను వాడి వదిలేసిన పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి ఉంది. దాని బూట్‌లోడర్‌ను (ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామును) అన్‌లాక్ చేసి, రూట్ అనే సర్వాధికారం ఇచ్చే మ్యాజిస్క్ ఎక్కించింది నేనే. అమ్మ ఆ ఫోనుతో చేసే పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత ఆల్బమ్‌లు ముందు వేసుకుని, అందులోని నలుపు తెలుపు ఫొటోలను ఒక్కొక్కటిగా కెమెరాతో తీసి పెడుతుంది. రాత్రి రెండు గంటలకు ఆ ఫొటోలన్నీ మియాపూర్‌లో నా కంప్యూటర్‌లోకి వచ్చి చేరాలి. అందుకోసం రాసుకున్న షెల్ స్క్రిప్టు, అంటే వరుసగా నడిచే కమాండ్ల జాబితా, పట్టుమని పదిహేను వరుసలు లేదు. అది సరిగ్గా నడవడానికి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. మియాపూర్‌లో రెడ్ లైన్ ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, గ్రీన్ లైన్ మారి చిక్కడపల్లి చేరడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు.

ఈ మూడు ఆదివారాల అనుభవం మీద ఆధారపడి నేను చేస్తున్న వాదన ఇది: రూట్ అన్నది ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు. ‘ఈ పని చేసే హక్కు నీకుందా?’ అన్న ప్రశ్నకు. కమాండ్ లైన్‌లో ఏదైనా టూల్ మొరాయించినప్పుడు చాలాసార్లు అసలు ప్రశ్న అది కాదు. కానీ రూట్ చేతికొచ్చినవాడికి ప్రతి తప్పూ హక్కుల తగాదాలాగే కనిపిస్తుంది. దాంతో తప్పును చదవడం మానేసి అధికారం పెంచుకుంటూ పోతాడు. ఇందులో నన్ను నేనేమీ మినహాయించుకోవడం లేదు.

మొదటి ఆదివారం స్క్రిప్టు రాసింది నేను కాదు, మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో టైపు చేసి, కేబుల్ పెట్టి, ఫోనులోని డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పడేశాడు. టెర్మినల్ తెరిచి నడిపితే ‘పర్మిషన్ డినైడ్’ అంది. వాడు ఫైలు అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ 755 కొట్టాడు. ఫోను ఏమీ అనలేదు. మళ్లీ నడిపితే అదే మాట. 777 కొట్టాడు, అదే మాట. ఎస్‌యూ కొట్టి రూట్ అయ్యాడు, మళ్లీ అదే మాట. "మామా, రూట్ ఉంది గదా, ఇంకా ఎవన్ని అడగాలె పర్మిషన్?" అన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. కాకపోతే ఎవరి మీద పడాలో వాళ్ల మీద పడలేదు.

ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌కు ఎల్ జోడించి చూస్తే రెండు సీహెచ్‌మాడ్‌ల తరువాత కూడా ఆ ఫైలుకు, నడపవచ్చని చెప్పే ‘ఎక్స్’ గుర్తు రాలేదని తేలింది. ఆ ఫోల్డర్ ఉన్నది మనం ఎస్‌డీకార్డ్ అని పిలిచే చోట. అది పేరుకే కార్డు. నిజానికి ఫోను లోపలి స్టోరేజీకే ఫ్యూజ్ అనే పొర తొడిగి చూపిస్తున్న భాగం. అక్కడ ఫైలు అనుమతులను ఆ పొర తనకు తోచినట్టు చూపిస్తుంది. మనం మార్చమంటే తల ఊపుతుంది గాని మార్చదు. పైగా మౌంట్ అని కొడితే వచ్చే స్టోరేజీ భాగాల జాబితాలో ఆ భాగం ఎదురుగా ‘నోఎగ్జిక్’ అనే మాట ఉంటుంది. అక్కడున్న ఏ ఫైలునూ ప్రోగ్రాముగా నడపనివ్వబోమని, సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ పెట్టుకున్న నియమం అది. ఆ నియమం ముందు రూట్ అయినా ఒకటే, మామూలు యాప్ అయినా ఒకటే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్‌లో రూట్‌కు ఏ ఫైలునైనా చదివే, రాసే హక్కు ఉంటుంది గాని, నడపడం దగ్గరకొచ్చేసరికి, యజమానికో గుంపుకో ఇతరులకో కనీసం ఒక్కరికైనా ‘ఎక్స్’ గుర్తు ఉండి తీరాలి. ముగ్గురికీ లేకపోతే రూట్ అడిగినా కెర్నెల్ కాదంటుంది. అంటే ‘పర్మిషన్ డినైడ్’ అన్న రెండు మాటల వెనుక కనీసం ముగ్గురు వేర్వేరు కాపలాదారులు ఉన్నారు: ఫైలు మీది గుర్తు, మౌంట్ నియమం, ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ. ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు. మాట్లాడింది ఎవరో తెలుసుకోకుండా గట్టిగా అరిస్తే లాభం లేదు.

ఎస్ఈలినక్స్ పేరు ఎత్తగానే మా వాడు, వాడి తరంలో రూట్ చేసే ప్రతివాడిలాగే, "సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా కొట్టెయ్ మామా" అన్నాడు. ఈ సలహా మీద నాకు పాత కక్ష ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆండ్రాయిడ్‌లోకి ఎస్ఈలినక్స్ వచ్చింది 2013లో, 4.3తో. అప్పుడు అది చూసి రాసుకోవడమే గాని ఆపేది కాదు. 4.4లో కొన్ని ముఖ్యమైన ప్రాసెస్‌లను ఆపడం మొదలుపెట్టింది. 2014లో వచ్చిన 5.0 నుంచి మొత్తం ఫోనంతటా అమలులోకి వచ్చింది. ప్రతి ప్రాసెస్‌కూ ప్రతి ఫైలుకూ ఒక ముద్ర ఉంటుంది, ఏ ముద్ర ఉన్నవాడు ఏ ముద్ర ఉన్నదాన్ని ముట్టవచ్చో ముందే రాసి ఉంటుంది. మన యూజర్ ఐడీ సున్నా, అంటే రూట్, కావడంతో దానికి పని లేదు. సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా కొడితే ఆ కాపలా మొత్తం ఫోనుకు ఒకేసారి పోతుంది. నా స్క్రిప్టు ఒక్కదానికే కాదు, బ్రౌజర్‌లో తెరిచిన ప్రతి పేజీకీ, దారిన పోతూ ఎక్కించుకున్న ప్రతి ఆటకూ పోతుంది.

ఇంత చేసినా చాలాసార్లు ఫలితం శూన్యం. ఎందుకంటే మ్యాజిస్క్ ఇచ్చే రూట్ షెల్ తన సొంత ముద్రతో నడుస్తుంది, ఆ ముద్రకు ఎస్ఈలినక్స్ నియమాల్లో ముందే దాదాపు అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. ఆ షెల్‌లో ‘పర్మిషన్ డినైడ్’ వచ్చిందంటే ముందుగా అనుమానించవలసింది మిగతా ఇద్దరిని. నిజంగా ఎస్ఈలినక్సే ఆపి ఉంటే అది దాచుకోదు కూడా. ఫోను తన సంగతులు రాసుకునే డీమెసేజ్‌లోనో లాగ్‌క్యాట్‌లోనో ‘ఏవీసీ డినైడ్’ అని ఒక వరుస రాసిపెడుతుంది. ఎవరు, దేన్ని, ఏం చేయబోయారో అందులో ఉంటుంది. రోగ నిర్ధారణ కోసం ఒక్క నిమిషం సున్నా పెట్టి, చూసి, వెంటనే ఒకటికి తిప్పేస్తే దాన్ని నేను తప్పుపట్టను. సున్నా దగ్గరే వదిలేసి ‘పని అయింది’ అని చెప్పేవాళ్లతోనే నా పేచీ. మా ఫోనులో సున్నా పెట్టినా స్క్రిప్టు కదలలేదు. మౌంట్ నియమానికీ ఎస్ఈలినక్స్‌కూ ఏ సంబంధమూ లేదు గనుక కదలదు కూడా.

స్క్రిప్టును డేటా కింద లోకల్, దాని కింద టెంప్ అనే ఫోల్డర్‌లోకి మార్చాం. అక్కడ సీహెచ్‌మాడ్ నిజంగా పనిచేస్తుంది, నోఎగ్జిక్ లేదు. ఇప్పుడు తప్పు మారింది: ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.’ ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదుటే ఉంది. నడపమంటే అలాంటి ఫైలే లేదంటోంది. కొత్తవాళ్లను పిచ్చెక్కించే తప్పుల్లో దీన్ని మించినది నేను చూడలేదు.

నిజానికి ఫోను అబద్ధం చెప్పడం లేదు, చెప్పవలసిన మాటను సగంలో మింగేసింది. స్క్రిప్టు మొదటి వరుసలో ‘ఈ ఫైలును ఫలానా షెల్‌తో చదివించండి’ అని ఉంటుంది. కెర్నెల్ ముందు ఆ చదివేవాడిని వెతుకుతుంది. ఉత్తరం వచ్చింది, చదివిపెట్టేవాడు ఊళ్లో లేడు. అప్పుడు కూడా కెర్నెల్ అనేది అదే మాట, ‘లేదు’ అని. ఏది లేదో చెప్పదు. మా వాడు రాసిన మొదటి వరుసలో సిస్టమ్, బిన్, ఎస్‌హెచ్ అని దారి సరిగ్గానే ఉంది. వాడు ఆ వరుసను పదిసార్లు అక్షరం అక్షరం చదివి చూపించాడు. తరువాత స్క్రిప్టు పేరు ముందు ఎస్‌హెచ్ చేర్చి నడిపితే, ‘నాట్ ఫౌండ్’ అన్న మాట వరుస మొదటికి ఎగిరొచ్చి అక్కడున్న పేరు మీద పడి, అర్థం కాని ముద్దగా కనిపించింది. అది చూశాకే నాకు లైటు వెలిగింది. క్యాట్ కమాండుకు వీ జోడించి ఫైలును అచ్చు వేయించాను. ప్రతి వరుస చివరా ఒక గొడుగు గుర్తు, దాని పక్కన ఎమ్ అక్షరం. విండోస్‌లో వరుస ముగింపుకు రెండు గుర్తులు పెడతారు, లినక్స్‌లో ఒక్కటే. ఆ అదనపు గుర్తు కంటికి కనిపించదు. అందుకే కెర్నెల్ వెతికింది ఎస్‌హెచ్‌ను కాదు, ఎస్‌హెచ్ పేరుకు కనిపించని తోక తగిలించిన ఇంకెవరినో. డాస్-టు-యూనిక్స్ అనే చిన్న కమాండు, ఆండ్రాయిడ్‌తోనే వచ్చే టాయ్‌బాక్స్ అనే కమాండ్ల మూటలోనే ఉంది. ఒక్కసారి నడిపితే తోకలన్నీ తెగిపోయాయి.

స్క్రిప్టులకే కాదు, కంపైల్ చేసిన ప్రోగ్రాములకూ ఈ కథే. ఉబుంటు కంప్యూటర్ నుంచి తెచ్చిన ఆర్మ్ ప్రోగ్రామును ఫోనులో పెట్టి నడిపితే ‘లేదు’ అనే వస్తుంది. అది తనను ఎక్కించవలసిన లింకర్‌ను లిబ్ ఫోల్డర్‌లో ఉంటుందనుకుని వెతుక్కుంటుంది. ఆండ్రాయిడ్‌లో అలాంటిది ఉండదు, ఇక్కడి లింకర్ సిస్టమ్ బిన్‌లో ఉండే లింకర్64. ఇక్కడి సీ లైబ్రరీ కూడా వేరు, దాని పేరు బయోనిక్. కెర్నెల్ ఒకటే అయినంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు. కొత్త ఆండ్రాయిడ్‌లలో షెల్ ‘ఇనాక్సెసిబుల్ ఆర్ నాట్ ఫౌండ్’ అనడం మొదలుపెట్టింది. అందలేదో, లేనే లేదో తేల్చలేను అన్నమాట. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఫొటోలు పంపడానికి మొదట నేను ఎంచుకున్నది గో భాషలో రాసిన ఒక చిన్న కాపీ ప్రోగ్రాము. లైబ్రరీల గొడవ లేకుండా అన్నీ కడుపులోనే పెట్టుకుని వచ్చే రకం. అది నడిచింది గాని నా కంప్యూటర్ పేరును కనుక్కోలేకపోయింది. అంకెల చిరునామా ఇస్తే వెళుతుంది, పేరు ఇస్తే, పేర్లు చెప్పే సర్వర్ తన ఫోనులోనే ఉందనుకుని అక్కడి 53వ పోర్టుకే ఫోన్ చేసుకుని ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటుంది. మామూలు లినక్స్‌లో పేర్లు వెతికే సర్వర్ ఏదో ఈటీసీ ఫోల్డర్‌లో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో రాసి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైలు లేదు. పేర్ల పని నెట్‌డీ అనే సేవకుడిది, బయోనిక్ ద్వారా అడిగితేనే చెబుతాడు. రూట్‌తో ఇంటర్నెట్ అనుమతులు ఎన్ని తిరగేసినా ఇది తేలేది కాదు. దాన్ని పక్కన పెట్టి టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఎక్కించాను. ఆండ్రాయిడ్ కోసమే కట్టిన ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసేది), ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌తో భద్రంగా కలిపేది) అందులో ఉన్నాయి. చేత్తో నడిపితే ఫొటోలు గలగలా వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం నేనూ మా వాడూ ఇరానీ చాయ్ తాగి విజయం ప్రకటించుకున్నాం.

ఆ మరుసటి వారంలో నాలుగు రాత్రులు ఫొటోలు వచ్చాయి. అయిదో రాత్రి నుంచి రాలేదు.

రెండో ఆదివారం సగం పూట వృథా కావడానికి కారణం నేనే. రాత్రి రెండింటికి స్క్రిప్టును లేపే క్రాన్‌డీ నడుస్తోందో లేదో చూడడానికి, నడుస్తున్న ప్రోగ్రాముల (ప్రాసెస్‌ల) జాబితా ఇచ్చే పీఎస్ కొట్టి అందులో దాని పేరు వెతికాను. కనిపించలేదు. అది చచ్చిపోతోందని నమ్మి, ఎందుకు చస్తోందో రెండు గంటలు వెతికాను. ఆండ్రాయిడ్ 8.0 నుంచి ఒట్టి పీఎస్ కొడితే మన టెర్మినల్‌కు చెందిన ప్రాసెస్‌లు మాత్రమే కనిపిస్తాయి, అన్నీ కావాలంటే పెద్ద ఏ జోడించాలి. జోడించగానే క్రాన్‌డీ నిక్షేపంగా కూర్చుని ఉంది.

ఒకే పేరు వెనుక వేర్వేరు మనుషులుండడం ఈ ఫోన్లలో మామూలు. కమాండ్ల మూటను ఒకే ప్రోగ్రాములో కట్టే బిజీబాక్స్‌ను 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ ఇన్‌స్టాల్ ఫ్లాపీలో పట్టేలా రాశాడు. తరువాతి కాలంలో దాన్ని చూసుకున్న రాబ్ లాండ్లీ బయటికొచ్చి టాయ్‌బాక్స్ మొదలుపెట్టాడు. 2015లో ఆండ్రాయిడ్ 6.0 నుంచి సిస్టమ్‌లో ఉండేది ఆ టాయ్‌బాక్సే. మ్యాజిస్క్ మాత్రం తన బిజీబాక్స్‌ను తనతో తెచ్చుకుంటుంది. ఫోను లేచేటప్పుడు అది నడిపే స్క్రిప్టులన్నీ ఆ బిజీబాక్స్ యాష్ షెల్‌లోనే నడుస్తాయి, అందులోని కమాండ్లు, వాటిని వెతికే దారి (పాత్) ఏదైనా సరే, బిజీబాక్స్‌వే అవుతాయి. నేను చేత్తో పరీక్షించింది టాయ్‌బాక్స్‌ను, రాత్రి పనిచేసింది బిజీబాక్స్. ‘నేను కొడితే వస్తోంది, దానంతటది రావడం లేదు’ అని ఎవరైనా అంటే ముందు ఈ తేడా చూడమంటాను. మా తప్పు మాత్రం ఇది కాదు.

మధ్యలో విసుగొచ్చి, వేరే పని మీద అబిడ్స్ వెళ్లినప్పుడు జగదీశ్ మార్కెట్‌లో తెలిసిన కుర్రాడికి సంగతి చెప్పాను. "ఫ్లాష్ కొట్టేద్దాం సార్, అరగంట పని" అన్నాడు. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉండగా అతను ఆ మాట అనడంలో తప్పేమీ లేదు, అతని వృత్తికి అదే సరైన జవాబు. నాకు మాత్రం అది సరిపడలేదు. ఫ్లాష్ చేస్తే, అంటే సిస్టమ్‌ను మొత్తం మళ్లీ ఎక్కిస్తే, తప్పు పోవచ్చు, దానితోపాటు సాక్ష్యం కూడా పోతుంది. నెల తరువాత అదే తప్పు మళ్లీ వస్తే నేను ఇప్పుడున్న చోటనే ఉంటాను.

సాక్ష్యం కోసం చేసింది చిన్న పని. స్క్రిప్టు నోట వచ్చే ప్రతి మాటనూ, ముగింపు అంకెనూ గడియారంతో సహా లోకల్ టెంప్‌లో ఒక ఫైలులోకి రాయించాను. ముగింపు అంకె విలువ చాలామంది గుర్తించరు. 126 అంటే వస్తువు దొరికింది, నడపలేకపోయాను అని. 127 అంటే వస్తువే దొరకలేదని. మూడో ఆదివారం వెళ్లి చూస్తే మూడు రాత్రులు వరుసగా 127. ఆర్‌సింక్ ‘నాట్ ఫౌండ్.’ అంతకుముందు రెండు రాత్రులు సున్నా, అంటే అంతా సవ్యం. అదే ఫోను, అదే దారి, అదే రూట్. మూడు రాత్రులు మాయమైన ప్రోగ్రాము నేను టెర్మినల్ తెరిచేసరికి ఎప్పటి చోటనే ఉంది.

"ఈ మధ్య ఫోను ఏమైనా చేశావా అమ్మా?" అని అడిగాను. "నేనేం చెయ్యలేదురా. మొన్న వానకు రాత్రంతా కరెంటు లేదు. పొద్దున చూస్తే ఆరిపోయి ఉంది, బటన్ నొక్కి ఆన్ చేసి పెట్టాను" అంది. ఆ తరువాత ఆ ఫోనును ముట్టుకోలేదు. జలుబు చేసిందట, ఆల్బమ్‌ల జోలికి పోలేదట.

జవాబు అక్కడే దొరికింది. ఫోను ఆన్ అయింది, పిన్ ఎవరూ కొట్టలేదు. నేను ఫోనును మళ్లీ రీస్టార్ట్ చేసి, పిన్ కొట్టకుండా, ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీ అనే టూల్‌తో ఫోను లోపలికి వెళ్లి రూట్ అయ్యాను. యాప్‌ల డేటా ఉండే ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొట్టాను. టెర్మక్స్ పేరు లేదు. అసలు ఏ యాప్ పేరూ లేదు. వాటి స్థానంలో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ అంకెలూ కలగలిసిన అర్థంలేని పేర్లు తెరనిండా ఉన్నాయి. అమ్మ ఫొటోల ఫోల్డర్‌లోనూ అంతే. 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన ఫైలు స్థాయి ఎన్‌క్రిప్షన్ పని ఇది. ఫోను లేచాక మొదటిసారి పిన్ కొట్టేదాకా యూజర్ ఫైళ్ల పేర్లు సైతం గుప్తంగానే ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి ఆ పిన్ లేకుండా తయారు కాదు. లోకల్ టెంప్ లాంటివి వేరే తాళం కింద ఉంటాయి, అవి ఆన్ కాగానే అందుతాయి. అందుకే నా స్క్రిప్టూ దాని డైరీ బతికే ఉన్నాయి, ఆర్‌సింక్ మాత్రం లోకంలో లేకుండా పోయింది. ఇది హక్కుల విషయమే కాదు. రూట్‌గా ఆ ఫైళ్లను ముట్టుకోవడానికి నాకు ఏ అడ్డూ లేదు, ముట్టుకుంటే చేతికొచ్చేది మాత్రం చెత్త.

మా వాడికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే పిన్ తీసెయ్ మామా" అన్నాడు. ఆలోచించవలసిన సలహానే, పిన్ లేకపోతే ఫోను లేస్తూనే అన్నీ విప్పేసుకుంటుంది. కానీ బూట్‌లోడర్ తెరిచి ఉన్న ఫోనుకు పిన్ కూడా లేకపోతే, దాన్ని ఎత్తుకుపోయినవాడు కేబుల్ పెట్టి మా ఇంటి నాలుగు తరాల ముఖాలూ చూసుకోవచ్చు. ఆ ఫోనులో నా ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి కూడా ఉంది. పిన్ ఉంచాను. స్క్రిప్టులో నాలుగు వరుసలు చేర్చాను: కెమెరా ఫొటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్ పేరు సరిగ్గా కనిపించేదాకా నిమిషానికోసారి చూస్తూ ఆగుతుంది, కనిపించాకే ఆర్‌సింక్‌ను పిలుస్తుంది.

ఇప్పుడు కరెంటు పోయి ఫోను ఆరిపోయినప్పుడల్లా, అది వచ్చాక ఫోను ఆన్ చేసి పిన్ కొట్టే పని అమ్మది. నాలుగు అంకెలను ఆల్బమ్ అట్ట వెనకాల పెన్సిల్‌తో రాసుకుంది. అక్కడ రాయొద్దని చెప్పాను. చెరిపేసి, తన పెళ్లి ఫొటో వెనక్కి మార్చింది.